విద్యకు కౌలు కాగితము
విశ్వవిద్యాలయములు, పరిశ్రమల పొత్తుపై ఒక విమర్శ

శాస్త్రము ప్రయోగశాలలో పుట్టును; సరుకు కార్ఖానాలో పుట్టును. ఈ రెండింటి నడుమనున్న దూరమును దాటనిదే ఏ శాస్త్రజ్ఞుని శ్రమయు సామాన్యుని గుమ్మము చేరదు. అందుచేతనే విశ్వవిద్యాలయములును, వ్యాపారసంస్థలును చేయి కలిపి పనిచేయవలెనని పెద్దలు తరచుగా చెప్పుచుందురు. పొత్తువలన విశ్వవిద్యాలయమునకు ధనము, పరికరములు, విద్యార్థులకు ఉద్యోగములు లభించుననియు, పరిశ్రమకు కొత్త విద్యయు, శిక్షణపొందిన మనుష్యులును లభింతురనియు వారి వాదము. ఈ మాట అసత్యము కాదు. కాని అది సగము సత్యము మాత్రమే. మిగిలిన సగము ఉభయులును వ్రాసికొను ఒడంబడిక కాగితములో ఉన్నది. దానిని గూర్చి మాటలాడువారు తక్కువ.

కృష్ణా డెల్టాలో, మొవ్వ మండలమునందలి కూచిపూడి గ్రామమున నేడు తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బాలికను ఊహించుకొందము. మధ్యాహ్నము ఆమె తిను అన్నము బి.పి.టి. బియ్యముతో వండినది కావచ్చును. శైశవమున ఆమె తొడకు హెపటైటిస్-బి టీకా వేసియుందురు. ఈ రెండింటి వెనుకను ప్రజాధనముతో నడచు విద్యాసంస్థలు ఉన్నవి. ఆ బియ్యపు విత్తనము బాపట్లలో పుట్టినది. అది ఏ కంపెనీతోను ఒడంబడిక లేకయే ఊరూరికి ప్రాకెను. ఆ టీకా మనదేశమున చవుకయగుటకు దారితీసినది హైదరాబాదులో వెలసిన ఒక చిన్న కంపెనీ. విద్యాసంస్థల ఆశ్రయము లేనిదే ఆ కంపెనీ నిలదొక్కుకొనియుండదు. కంపెనీ లేనిదే ఆ టీకా వచ్చియుండదు. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో పొత్తు ఎప్పుడు మేలుచేయునో, ఎప్పుడు చేయదో తేటపడును.

ఎవరికి ఏమి కొరత?

పరిశోధకుడు పరీక్షనాళికలో ఒక మిల్లీగ్రాము పదార్థమును తయారుచేయగలడు. అదే పదార్థమును వేల లీటర్ల తొట్టిలో, ప్రతిదినము, ఒకే నాణ్యముతో తయారుచేయుట వేరొక విద్య. చిన్న గిన్నెలో పాలు తోడుపెట్టు గృహిణిని వంద బిందెల పాలు ఒకేసారి తోడుపెట్టుమన్నచో ఆమెకు ఎంత తికమక కలుగునో ఆలోచింపుడు. పెద్ద తొట్టిలో గాలి అడుగువరకు చేరదు. సూక్ష్మజీవులు పెరుగునపుడు పుట్టు వేడి సులభముగా బయటికి పోదు. పరాయి సూక్ష్మజీవి ప్రవేశించినచో తొట్టిలోనిదంతయు పారబోయవలసివచ్చును. ఈ చిక్కులను విడదీయగల ఇంజనీర్లు, యంత్రములు, పెట్టుబడి పరిశ్రమయొద్ద ఉండును.

పరిశ్రమకుగల కొరత వేరు. ఫలము వచ్చునో రాదో తెలియని ఒక ప్రశ్నను పదేండ్లు, ఇరువదియేండ్లు వెంబడించు తీరిక దానికి లేదు. తప్పుదారులు నడచి తిరిగివచ్చుటకు వాటాదారులు ఒప్పుకొనరు. ఆ తీరికయు, గ్రంథాలయమును, ఏటేట కొత్త ప్రశ్నలతో వచ్చు విద్యార్థులును విశ్వవిద్యాలయమునకే గలరు. కనుక ఈ పొత్తు సహజమైనది. కూచిపూడి మేళములో నట్టువాంగము పట్టువాడును, మృదంగము వాయించువాడును, పాత్రధారియు ఎవరి పని వారు చేసినగాని ప్రదర్శనము రక్తికట్టదు. అయితే సంభావన వచ్చినపుడు ఎవరి వాటా ఎంతయో మేళమువారికి ముందుగానే తెలిసియుండవలెను. లేనిచో మేళము ఎక్కువకాలము నిలువదు.

టొరంటో చూపిన దారి

ఈ విషయమున నూరేండ్లనాటి ఒక దృష్టాంతము నేటికిని పాఠముగా నిలిచియున్నది. 1921లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయమున, మాక్లియాడ్ ప్రయోగశాలలో బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను వేరుచేసిరి. కాలిప్ అను రసాయనజ్ఞుడు దానిని శుద్ధిచేసెను. 1922 జనవరిలో మధుమేహముతో క్షీణించి మరణమునకు చేరువయైన లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి ఆ మందు ప్రాణము నిలిపెను. ఆ వెంటనే చిక్కు వచ్చినది. చిన్న మోతాదులలో చక్కగా పనిచేసిన పద్ధతి, పెద్దయెత్తున చేయబోగా విఫలమయ్యెను. మందు కొరకు రోగులు ఎదురుచూచుచుండగా తయారీ ఆగిపోయెను.

1922 మే నెలలో విశ్వవిద్యాలయము అమెరికాలోని ఎలై లిల్లీ కంపెనీతో ఒడంబడిక చేసికొనెను. ఆ కంపెనీకి తన ప్రాంతమున ఒక్క సంవత్సరము మాత్రమే ప్రత్యేక హక్కు ఇయ్యబడినది. ఆ గడువు తీరిన తరువాత ఇతర కంపెనీలకును లైసెన్సు ఇచ్చు అధికారము విశ్వవిద్యాలయముననే ఉండెను. పరిశోధకులు పేటెంటు హక్కును ఒక్కొక్క డాలరునకు విశ్వవిద్యాలయమునకు ధారపోసిరి. తయారైన మందు శక్తిని పరీక్షించు బాధ్యతను విశ్వవిద్యాలయపు సంఘమే వహించెను. లిల్లీ కంపెనీలోని జార్జి వాల్డెన్ అను రసాయనజ్ఞుడు, ద్రావణపు ఆమ్లత్వమును సరియైన స్థానమునకు తెచ్చినచో ఇన్సులిన్ అడుగున పేరుకొనునని గ్రహించి, శుద్ధిచేయు పద్ధతిని ఎంతో మెరుగుపరచెను. 1923నాటికి మందు విరివిగా దొరకసాగెను.

ఇందులో గమనింపదగిన విషయము ఒకటి కలదు. టొరంటో పండితులు తమ విద్యను పేటెంటు లేకుండ గాలికి వదలిపెట్టలేదు. అట్లు చేసినచో మరియొకరు దానిపై హక్కు సంపాదించి తలుపు మూయవచ్చునని వారి భయము. అట్లని కంపెనీకి శాశ్వతముగా అమ్మివేయనులేదు. మన డెల్టా రైతు భాషలో చెప్పవలెనన్నచో, వారు విద్యను కౌలుకిచ్చిరి. గడువు, హద్దులు, నియమములు కాగితముపై వ్రాసికొని ఇచ్చిరి.

హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ

ఇక మన తెలుగునాటి కథకు వత్తము. హెపటైటిస్-బి అను వైరసు కాలేయమునకు సోకి కామెర్లు కలిగించును. కొందరిలో సంవత్సరములతరబడి దాగియుండి కాలేయమును గట్టిపరచి, తుదకు క్యాన్సరునకు దారితీయును. తల్లినుండి బిడ్డకు పుట్టుకసమయమున సోకినచో ప్రమాదము మరింత ఎక్కువ. 1981లో వచ్చిన మొదటి టీకాను వ్యాధిగ్రస్తుల రక్తమునుండి తీసి తయారుచేసిరి. 1986లో అమెరికాలో జన్యువిద్యతో తయారైన టీకా వచ్చెను. వైరసు పైపొరలోని ఒక ప్రోటీనుకు సంబంధించిన జన్యువును ఈస్టు కణములో చేర్చుదురు. ఈస్టు పెరుగుచు, తనకు అక్కరలేని ఆ ప్రోటీనును కూడ తయారుచేయును. దానిని శుద్ధిచేసి శరీరములోనికి ఎక్కించినచో, శరీరము వైరసును చూడకయే దానిని ఎదిరించుట నేర్చుకొనును.

1990ల ఆరంభమున మనదేశమునకు ఈ టీకా దిగుమతి కావలసియుండెను. మోతాదు ఒక్కింటి వెల 20 డాలర్లకు పైబడియుండుటచే సామాన్య కుటుంబములకు అది అందని పండు. 1993లో నెల్లూరు ప్రాంతీయుడును, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరును అయిన కె.ఐ. వరప్రసాదరెడ్డి తన తల్లి పేరిట శాంతా బయోటెక్నిక్స్ అను సంస్థను హైదరాబాదులో నెలకొల్పెను. ఆయన జీవశాస్త్రజ్ఞుడు కాడు. ఆరంభమున ఆ సంస్థకు సొంత ప్రయోగశాల లేదు. మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, పిమ్మట కేంద్రప్రభుత్వ సంస్థయైన సి.సి.ఎం.బి.లోను చోటు పొంది ఆ సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధన సాగించిరి. ఒమాను దేశమునుండి పెట్టుబడి లభించెను.

వారు ఎన్నుకొనినది పికియా పాస్టోరిస్ అను ఈస్టు. దీనికి మిథనాలును ఆహారముగా తీసికొను శక్తి కలదు. మిథనాలు తగిలినంతనే ఈ ఈస్టులో ఒక జన్యుమీట పనిచేయనారంభించును. వైరసు జన్యువును ఆ మీటకు తగిలించినచో, మిథనాలు పోసినప్పుడెల్ల కావలసిన ప్రోటీను తయారగును. 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి అను పేర టీకా విపణికి వచ్చెను. మనదేశమున జన్యువిద్యతో తయారైన మొదటి టీకా ఇదియే. దాని వెల మోతాదుకు సుమారు 1 డాలరు. అనతికాలముననే భారత్ బయోటెక్ మొదలగు సంస్థలును ఇట్టి టీకాను తేగా, పోటీవలన ధరలు మరింత దిగెను. 2002-03లో ప్రయోగాత్మకముగా ఆరంభమైన ప్రభుత్వ టీకా కార్యక్రమము 2011నాటికి దేశమంతటికిని విస్తరించెను. కూచిపూడి బాలికకు ఆ టీకా రుసుము లేకుండ దొరకుటకు కారణమిది.

ఈ పొత్తువలన కంపెనీకి కలిగిన లాభము స్పష్టము. సరుకు లేని సంవత్సరములలో, భవనములకు, పరికరములకు పెట్టవలసిన పెద్ద ఖర్చు తప్పినది. ప్రక్కగదిలో అనుభవజ్ఞులు ఉండిరి. విద్యాసంస్థలకు కలిగిన లాభమును రూపాయలలో మాత్రమే లెక్కకట్టరాదు. ఇట్టి టీకాను మనవారు మనగడ్డపై తయారుచేయగలరను ధైర్యము వచ్చినది. జీవరసాయనశాస్త్రము చదివిన పట్టభద్రునికి అధ్యాపకవృత్తి కాక మరియొక దారి ఏర్పడినది. నేడు హైదరాబాదు ప్రపంచమునకు టీకాలు పంపు నగరములలో ముఖ్యమైనదిగా పేరొందినది.

తయారీయు ఒక విద్యయేయని ఈ సంస్థ చరిత్రయే మరియొక విధమున చాటినది. ఐదు వ్యాధులకు ఒకే సూదిమందుగా అది తయారుచేసిన షాన్-5 టీకా సీసాలలో తెల్లని తునకలు అంటుకొనియున్నట్లు కనబడుటచే, 2010లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని తన ఆమోదిత పట్టికనుండి తొలగించెను. తిరిగి ఆమోదము వచ్చుటకు 2014 వరకు ఆగవలసివచ్చెను. ప్రయోగశాలలో గెలిచినంతమాత్రమున కార్ఖానాలో గెలిచినట్లు కాదు.

కలరా టీకా ఏమి నేర్పినది?

ఇంతవరకు కథ సుఖాంతముగా కనబడును. రెండవ అంకము అట్టిది కాదు.

కలరా నీటివలన వ్యాపించు వ్యాధి. వరదనీరు త్రాగునీటిలో కలసినచో దానికి దారి ఏర్పడును. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనను పెద్దలు నేటికిని చెప్పుకొందురు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలు రోజులతరబడి నీటనానినవి. ఇట్టి నేలలోనివారికి కలరా టీకా కథ దూరపు విషయము కాదు.

నోటిద్వారా ఇచ్చు కలరా టీకాకు మూలము స్వీడను దేశపు గోటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయములో ఆచార్య యాన్ హోమ్‌గ్రెన్ బృందము చేసిన పరిశోధన. ఆ విద్య 1980లలో వియత్నాం చేరెను. వియత్నాం శాస్త్రజ్ఞులు దానిని చవుకగా తయారగునట్లు మార్చిరి. దక్షిణ కొరియా రాజధాని సియోలులోని అంతర్జాతీయ టీకా సంస్థ దానిని ప్రపంచ ప్రమాణములకు అనుగుణముగా సరిదిద్ది, శాంతా బయోటెక్నిక్సునకు నేర్పెను. 2006లో కలకత్తా పేటలలో సుమారు 67 వేలమందిపై పరీక్ష ఆరంభమయ్యెను. ఐదేండ్లపాటు నూటికి 65 పాళ్ల రక్షణ కలిగినట్లు తేలినది. 2009లో మనదేశమునందు అనుమతియు, 2011లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆమోదమును లభించినవి. షాన్‌కాల్ అను ఈ టీకా ప్రభుత్వములకు మోతాదు 1.85 డాలర్లకు లభించెను. రెండు మోతాదులు, రెండు వారముల ఎడముతో నోట పోసిన చాలును. విద్యాలయము, ప్రజాసంస్థ, కార్ఖానా ఈ మూడును కలసి బీదవారి రోగమునకు మందు తెచ్చుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము చూపుట కష్టము.

ఈలోగా యాజమాన్యము మారినది. 2006లో ఫ్రాన్సు దేశపు మెరియూ సంస్థ శాంతాలో అధికభాగము కొనెను. 2009లో ఆ భాగము సనోఫీ అను పెద్ద ఔషధసంస్థ చేతికి వచ్చెను. 2020లో సనోఫీ తన నిర్ణయమును తెలిపెను: 2022 చివరకు షాన్‌కాల్ తయారీయు, 2023 చివరకు సరఫరాయు ఆపివేయబడును. ప్రపంచ సరఫరాలో తమ వాటా స్వల్పమనియు, ఇతరులు తయారీ పెంచుచున్నారనియు ఆ సంస్థ చెప్పిన కారణము. వ్యాపారదృష్టితో చూచినచో ఇందు వింత లేదు. లాభము తక్కువయైన సరుకును మానుట వ్యాపారధర్మము. కాని ఆ సంవత్సరములలోనే కలరా అనేక దేశములలో విజృంభించెను. 2022 అక్టోబరులో, టీకా చాలనందున, వరదలు, అలజడులు వచ్చినచోట రెండు మోతాదులకు బదులు ఒక్క మోతాదే వేయవలెనని అంతర్జాతీయ నిర్వాహకులు నిశ్చయింపవలసివచ్చెను. శాంతా తప్పుకొనిన తరువాత ప్రపంచ అత్యవసర నిల్వకు టీకా ఇచ్చువారు ఒక్కరే మిగిలిరి.

ఆ ఒక్కరైనను ఎట్లు మిగిలిరి? సియోలు సంస్థ ఈ విద్యను శాంతాకు మాత్రమే అంకితము చేయలేదు. యూబయోలాజిక్స్ అను కొరియా కంపెనీకి కూడ నేర్పెను. ఆ కంపెనీ టీకాకు 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆమోదము వచ్చెను. రెండవ తలుపు తెరచియుంచుటచేతనే, మొదటి తలుపు మూతపడినను గృహము చీకటి కాలేదు. విద్యను ఒక్కరికే కట్టబెట్టియున్నచో, ప్రజాధనముతోను, కలకత్తా పేటల ప్రజల సహకారముతోను పుట్టిన ఆ టీకా ఒక సంస్థ లెక్కలపుస్తకములో ఒక్క గీతతో మాయమైయుండెడిది. 2024 ఆగస్టులో హైదరాబాదులోని భారత్ బయోటెక్ హిల్‌కాల్ అను మరియొక కలరా టీకాను విడుదలచేయుట సంతోషకరము. అయినను నడుమగడచిన కొరతకాలము చెప్పిన పాఠమును మరువరాదు.

బాపట్ల వరి

పొత్తులోని ఈ చిక్కును చూచి, విద్యను ఏ కంపెనీ చేతిలోను పెట్టకుండుటయే మేలనిపించవచ్చును. ఆ దారిలో నడచినది మన డెల్టా వరియే. బాపట్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు జి.ఇ.బి. 24, తైచుంగ్ నేటివ్-1, మసూరి రకములను సంకరపరచి తయారుచేసిన బి.పి.టి. 5204, 1986లో సాంబ మసూరి అను పేర విడుదలయ్యెను. సన్నని గింజ, మంచి రుచి, చక్కని దిగుబడి దాని గుణములు. తెలుగునేలనే కాక కర్ణాటకము, తమిళనాడు మొదలగు సీమలను కూడ అది ఆక్రమించెను. విత్తనము తాళము వేయరాని సరుకు. ఒక రైతు పొలమునుండి ప్రక్క రైతు గాదెకు అది నడచిపోవును. 2001నాటి చట్టము కూడ విత్తనమును దాచుకొను, మార్చుకొను హక్కును రైతునకు ఇచ్చుచున్నది. మిల్లరు, వర్తకుడు, రైతు, భోక్త అందరును దానివలన లాభించిరి.

అయితే ఈ దారిలోను లోపములు ఉన్నవి. సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొను శక్తి లేదు. రకము అందరిదీ అయినపుడు దాని లోపమును సవరించు పూచీ ఎవరిదని అడుగువారు ఉండరు. తుదకు సి.సి.ఎం.బి.లో రమేశ్ సొంటి బృందమును, హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలక సంస్థయు కలసి, తెగులును నిరోధించు మూడు జన్యువులను సంకరణముద్వారా దానిలో చేర్చి, 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని విడుదలచేసిరి. మూలరకము వచ్చిన 22 ఏండ్లకు ఈ చికిత్స జరిగెను. విడుదలతో పని తీరదు. శుద్ధమైన విత్తనమును ఏటేట పెంచి, సంచిలో నింపి, గ్రామమునకు చేర్చు యంత్రాంగము కావలెను. ఆ యంత్రాంగము విశ్వవిద్యాలయమున ఉండదు. అది విత్తనవ్యాపారములో ఉండును. పొత్తు లేనిచోట మేలైన రకము కూడ పరిశోధనపత్రములో నిదురించు ప్రమాదము కలదు.

ఆ మూడు జన్యువులలో ఒకటియైన ఎక్స్.ఎ. 21 వెనుక మరియొక కథ ఉన్నది. అది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవివరినుండి వచ్చినది. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో పమేలా రోనాల్డ్ బృందము దానిని వేరుచేయగా, విశ్వవిద్యాలయము పేటెంటుకు ప్రయత్నించెను. అడవివరినిచ్చిన దేశమునకు కూడ వాటా దక్కవలెనని, లైసెన్సు రాబడినుండి ఆ దేశ విద్యార్థులకు వేతనములిచ్చుటకు ఒక నిధిని ఏర్పరచిరి. ఉద్దేశము ఉదారమైనది. కాని హక్కు కోరిన కంపెనీలు ఆ జన్యువుతో సరుకు తేలేదు. లైసెన్సు రాబడి నిధిని చేరలేదు. వాటా వ్రాసికొనినంతమాత్రమున చాలదు. కౌలుదారు పొలమును బీడుపెట్టినచో తిరిగి తీసికొందుమను మాట కూడ కాగితములో ఉండవలెను.

రెండు ఆక్షేపణలు

ఇట్టి నియమములు పెట్టినచో కంపెనీలు దగ్గరకు రావని కొందరందురు. పెట్టుబడి పెట్టువానికి కొంతకాలము రక్షణ కావలెననుట న్యాయమే. కాని ఒక్క సంవత్సరపు హక్కుతో లిల్లీ కంపెనీ వచ్చినది. రెండవ కౌలుదారుగా యూబయోలాజిక్స్ వచ్చినది. నియమము ముందుగా తెలిసినచో వ్యాపారి దానిని లెక్కలోనికి తీసికొని వచ్చును. అతనిని భయపెట్టునది నియమము కాదు, అనిశ్చితి.

వ్యాపారసంపర్కమువలన విద్యాలయము చెడునని మరికొందరందురు. ఇందులోను నిజము లేకపోలేదు. కంపెనీ రహస్యముకొరకు పరిశోధనపత్రము ప్రకటింపకుండుట, విద్యార్థి తన ప్రశ్నను వదలి కంపెనీ ప్రశ్నకు కూలిగా మారుట, లాభమురాని శాస్త్రశాఖలు ఎండిపోవుట నిజమైన ప్రమాదములు. వీనికి మందు పొత్తును మానుట కాదు. పరిశోధనఫలమును ఇన్ని నెలలలో ప్రకటించితీరుదుమను నియమమును, విద్యార్థి సిద్ధాంతగ్రంథముపై కంపెనీకి అధికారము లేదను నియమమును ముందే వ్రాసికొనవలెను.

చట్టముమాత్రమే ఈ పని చేయజాలదు. 1980లో అమెరికాలో వచ్చిన బే-డోల్ చట్టము, ప్రభుత్వధనముతో జరిగిన పరిశోధనలపై విశ్వవిద్యాలయములకు పేటెంటు హక్కునిచ్చెను. కంపెనీ సరుకును ప్రజలకు అందనీయనపుడు ప్రభుత్వము జోక్యము చేసికొని మరియొకరికి లైసెన్సు ఇప్పించవచ్చునని అందులోనే వ్రాసియున్నది. కాని ఆ అధికారమును అమెరికా ప్రభుత్వము ఇంతవరకు ఒక్కమారును వినియోగింపలేదు. మనదేశమున 2008లో ఇట్టి బిల్లు రాజ్యసభలో ప్రవేశపెట్టబడి, 2014లో ఉపసంహరింపబడెను. కనుక ప్రతి విశ్వవిద్యాలయమును తన కాగితమును తానే జాగ్రత్తగా వ్రాసికొనవలసియున్నది.

కాగితమున ఏమి వ్రాయవలెను?

17వ శతాబ్దమున గోలకొండ ప్రభువు అబుల్ హసన్ తానాషా కూచిపూడి భాగవతుల ప్రదర్శనమునకు మెచ్చి, ఆ గ్రామమును వారికి అగ్రహారముగా ఇచ్చెనని ప్రతీతి. నాట్యమును వంశపారంపర్యముగా నిలుపవలెనను నియమముతో ఇచ్చెనని చెప్పుదురు. దాతకు పేరు వచ్చెను, కళాకారులకు నేల దక్కెను, కళ నిలిచెను. ఈ ఐతిహ్యములోని నీతి నేటి ఒడంబడికలకును వర్తించును: ఇచ్చునది ఎందుకొరకిచ్చుచున్నామో కాగితములోనే ఉండవలెను.

పైని చెప్పిన కథలనుబట్టి నాలుగు ప్రశ్నలు తేలుచున్నవి. ఈ విద్యను వాడుకొను హక్కు ఎంతకాలమునకు, ఎంతమందికి? సరుకు తయారుచేయనిచో, లేక మధ్యలో ఆపినచో ఆ హక్కు ఎవరికి తిరిగివచ్చును? బీదవారికి ఏ ధరకు అందును? పరిశోధనఫలము ఎప్పుడు అందరికి వెల్లడియగును? ఈ నాలుగింటికి జవాబు వ్రాసియున్న పొత్తు విశ్వవిద్యాలయమునకును, వ్యాపారమునకును, ప్రజలకును మేలుచేయును. జవాబులేని పొత్తు, దాని వెనుక ఎంతటి మహావిజ్ఞానమున్నను, అదృష్టముపై ఆధారపడిన సేద్యమే.

ఉన్నత పాఠశాలలలో విజ్ఞానశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు టీకా ఎట్లు పనిచేయునో, సంకరణముద్వారా విత్తనము ఎట్లు మారునో చెప్పుచున్నారు. దానితోపాటు ఆ టీకా, ఆ విత్తనము ఎవరి ధనముతో పుట్టి, ఎవరి చేతులమీదుగా, ఏ షరతులతో తమ ఊరికి వచ్చెనో కూడ తరగతిలో చర్చించినచో విద్యార్థికి శాస్త్రముపై గౌరవము తగ్గదు, పెరుగును. రేపు ఆ విద్యార్థులలో ఒకరు ప్రయోగశాలలో కూర్చుందురు, మరియొకరు కార్ఖానా నడుపుదురు. ఆనాడు ఇద్దరును ఎదురెదురుగా కూర్చుండి సంతకము చేయునపుడు, ఆ బల్లవద్ద లేని మూడవవాని, అనగా ఆ మందుకొరకు, ఆ గింజకొరకు ఎదురుచూచువాని పేరుకూడ కాగితములోనున్నదో లేదో చూచుకొనుట నేర్చియుందురు.